‘అమ్మని అడిగి చెబుతా’ అన్నాడు... ఆట రెండుగా చీలింది!

సిడ్నీలో ఇండియా టెస్టు ఆడుతుంటే తెల్లారుజామున అలారం పెట్టుకుని మరీ లేచే బ్యాచ్‌లో మీరూ ఉన్నారా? అయితే ఈసారి ఓ పని చేయండి. కెమెరా మైదానానికి ఉత్తరం వైపు తిరిగినప్పుడు అక్కడున్న స్టాండ్ల పేర్లు గమనించండి. ఒకటి మాంటీ నోబుల్. రెండోది డాన్ బ్రాడ్‌మన్. వీళ్లిద్దరూ క్రికెటర్లే, అందులో వింతేం లేదు. వాళ్ల పక్కనే ఇంకో పేరుంటుంది... డాలీ మెసెంజర్.

‘ఈయన బ్యాట్స్‌మనా, బౌలరా?’ అని గూగుల్ చేశారనుకోండి, రెండూ కాదని తేలుతుంది. క్రికెట్‌తో సంబంధం లేకుండానే బ్రాడ్‌మన్ పక్కన సీటు కొట్టేశాడు. వందేళ్లకు పైగా కిందట అతను ఆడింది రగ్బీ. ఆడినందుకు డబ్బు తీసుకున్నాడని ఆ ఆట పెద్దలు అతణ్ని జీవితాంతం వెలేశారు. అంతటితో ఆగకుండా అతను సాధించిన పాయింట్లన్నీ రికార్డు పుస్తకాల్లోంచి కొట్టిపారేశారు.

ఇప్పుడు పాతికేళ్ల కుర్రాడు ఐపీఎల్ వేలంలో కోట్లకి అమ్ముడుపోతే ఇంటి ముందు టపాసులు కాలుస్తున్నాం. 1907లో అదే పని చేసినోడికి దక్కింది బహిష్కరణ!

ముందు చిన్న క్లారిటీ

రగ్బీ అంటే మనలో చాలామందికి తెలిసింది కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, బురద, తోపులాట. మహా అయితే 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అని ఓ టీమ్ ఉందని కొందరికి తెలుసు. కోల్‌కతాలో బ్రిటిష్‌వాళ్లు ఈ ఆట క్లబ్బు మూసేస్తూ, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి ఓ కప్పు చేయించారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్ జట్లు ఇప్పటికీ ఆ ‘కలకత్తా కప్’ కోసమే కొట్టుకుంటాయి. మన రూపాయలే సుమా!

అసలు విషయం ఏంటంటే, రగ్బీ ఒక ఆట కాదు, రెండు. రగ్బీ యూనియన్‌లో జట్టుకి 15 మంది. రగ్బీ లీగ్‌లో 13 మందే. ఆటగాణ్ని కింద పడేస్తే యూనియన్‌లో బంతి కోసం అక్కడే కుమ్ములాట మొదలవుతుంది. లీగ్‌లో అలా కాదు. పడినోడు లేచి నిలబడి, బంతిని కాలితో వెనక్కి నెట్టి ఆట కొనసాగిస్తాడు. ఒకడు దూసుకురావడం, ఎదుటివాళ్లు ముగ్గురు నలుగురు కలిసి పట్టేయడం చూస్తుంటే నాకైతే కబడ్డీయే గుర్తొస్తుంది.

మరి ఒక ఆట రెండెందుకైంది? రూల్స్ మీద గొడవపడి కాదు. కూలి డబ్బుల మీద.

ఆరు షిల్లింగుల పంచాయితీ

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ రగ్బీలో రెండు రకాల జనం ఉండేవాళ్లు. దక్షిణాన పెద్ద స్కూళ్లలో, యూనివర్సిటీల్లో చదివిన డబ్బున్న పిల్లలు. ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్‌లలో బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసే కార్మికులు. మొదటివాళ్లకి ఆట సరదా. రెండోవాళ్లకీ సరదానే, కానీ శనివారం మ్యాచ్‌కి వెళ్తే ఆ రోజు కూలి పోయేది. దెబ్బ తగిలి మంచాన పడితే వారాల తరబడి ఇంట్లో పొయ్యి వెలగదు.

‘పోయిన కూలి అయినా ఇప్పించండి మహాప్రభో, రోజుకి ఆరు షిల్లింగులు చాలు’ అన్నాయి ఉత్తరాది క్లబ్బులు. (అప్పట్లో 20 షిల్లింగులు కలిస్తే ఒక పౌండు.) లండన్ పెద్దలు ఒప్పుకోలేదు. ఆట పవిత్రమైంది, డబ్బు ముట్టుకుంటే మైల పడుతుందన్నది వాళ్ల వాదన. గేటు దగ్గర టికెట్లమ్మి వసూలు చేసే డబ్బుకి మాత్రం ఆ మైల అంటేది కాదు లెండి!

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ ఊళ్లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై ‘మీకో దండం’ అని బయటికొచ్చేశాయి. నార్తరన్ యూనియన్ పేరుతో సొంత కుంపటి పెట్టుకున్నాయి. జనాన్ని రప్పించాలంటే ఆట వేగంగా ఉండాలి కదా. అందుకే మెల్లమెల్లగా రూల్స్ మార్చుకుంటూ పోయాయి. 1906 నాటికి జట్టుకి 13 మందే అయ్యారు. ఇదే తర్వాత రగ్బీ లీగ్ అయింది.

ఈ గొడవ పదేళ్లకి పైగా ఇంగ్లండ్‌లోనే ఉండిపోయింది. సముద్రం దాటించడానికి ఒక మొనగాడు కావాల్సొచ్చింది.

పడవల షెడ్డులో పిల్లాడు

హెర్బర్ట్ హెన్రీ మెసెంజర్ 1883 ఏప్రిల్ 12న సిడ్నీలోని బాల్మెయిన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు బొజ్జ కాస్త ముందుకుండేదట. అప్పట్లో సిడ్నీలో విలియం బీడ్ డాలీ అనే రాజకీయ నాయకుడికీ పెద్ద బొజ్జ ఉండేది. ఇంకేముంది, పిల్లాడికి ‘డాలీ’ అని పేరెట్టేశారు. బొజ్జ పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. మన ఊళ్లలో ‘బుడ్డోడు’ అని పిలిపించుకున్నవాడు ఆరడుగులు పెరిగినా బుడ్డోడే అయినట్టు.

వాళ్లది పడవలు చేసే కుటుంబం. తాత జేమ్స్ మెసెంజర్ 1850ల్లో ఇంగ్లండ్‌లో పడవ పందేల చాంపియన్. తండ్రి చార్లెస్ కూడా పందెం పడవలు నడిపినవాడే. డబుల్ బే అనే చోట సముద్రపు ఒడ్డున వాళ్లకి పడవల షెడ్డుండేది. డాలీ బడి అయిపోగానే అక్కడే తండ్రి దగ్గర పనిలోకి దిగాడు.

ఇక్కడో విషయం గమనించాలి. ఆ రోజుల్లో పడవ పందేలు డబ్బు కోసమే జరిగేవి. పందెం కట్టేవాళ్లు, గెలిచినవాడికి సొమ్ము. అంటే ‘ఆడి సంపాదించడం’ ఆ ఇంట్లో తప్పు కాదు, కులవృత్తి లాంటిది. తర్వాత డాలీ తీసుకున్న నిర్ణయం వెనక ఈ పెంపకం కూడా ఉందనే నా అనుమానం.

మనిషి మరీ పొడగరి కాదు. ఐదడుగుల ఎనిమిది అంగుళాల లోపే. మందు ముట్టుకునేవాడు కాదు. రగ్బీలో అప్పటికి పెద్దగా పేరు లేదు. 1906లో ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్బు పెద్ద జట్టులోకి వచ్చాడు. ఏడాది తిరిగేసరికి సిడ్నీ మొత్తం అతని గురించే మాట్లాడుకుంటోంది!

ఏముంది అతని ఆటలో? ముందు కాలు. మైదానం ఏ మూల నుంచి తన్నినా బంతి గోల్ కర్రల మధ్య నుంచి వెళ్లేది. సగం మైదానం దూరం నుంచి కూడా. రెండోది, బంతి చేతికొస్తే ఏం చేస్తాడో ఎదుటివాడికే కాదు, సొంత జట్టువాళ్లకీ తెలిసేది కాదు. పట్టుకోడానికి వంగినోడి తలమీదుగా దూకి వెళ్లిపోయాడని, బంతిని ఎదుటివాడి నెత్తి మీదుగా విసిరి అటుపక్కకెళ్లి తనే పట్టుకున్నాడని కథలు కథలుగా చెప్పుకున్నారు. వీడియోలు లేని కాలం కదా, వీటిలో కొంత మసాలా కలిసే ఉంటుంది. కానీ జనం వచ్చారన్నది మాత్రం నిజం. 1907 జులైలో న్యూ సౌత్ వేల్స్, న్యూజిలాండ్ జట్ల మ్యాచ్‌కి సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో దాదాపు 52 వేల మంది కూర్చున్నారు. ఇప్పటికీ ఆ మైదానంలో అంతకన్నా పెద్దగా ఎక్కువ మంది పట్టరు.

అదే ఏడాది న్యూజిలాండ్ మీద ఆస్ట్రేలియాకి 2 టెస్టులు ఆడాడు. ‘ది మాస్టర్’ అనే బిరుదు అతని పేరు ముందు స్థిరపడిపోయింది.

ఆ 52 వేల టికెట్ల డబ్బులో డాలీ వాటా ఎంత? సున్నా.

భుజం విరిగిన ఆటగాడు

సరిగ్గా అదే సీజన్‌లో ఇంకో సంఘటన. గ్లీబ్ క్లబ్బుకి ఆడే అలెక్ బర్డన్ అనే ఆటగాడికి మ్యాచ్‌లో భుజానికి గట్టి దెబ్బ తగిలింది. వారాల పాటు పనికి వెళ్లలేకపోయాడు. వైద్యం ఖర్చు, పోయిన జీతం... రగ్బీ యూనియన్ పైసా విదల్చలేదు. గేటు దగ్గర వేల పౌండ్లు వసూలవుతుంటే, ఆడినోడు కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆటగాళ్లలో అప్పటికే రగులుతున్న కోపానికి ఇది ఆజ్యం పోసింది.

వీళ్ల మీటింగులు ఎక్కడ జరిగేవో తెలుసా? సిడ్నీలో విక్టర్ ట్రంపర్ నడిపే స్పోర్ట్స్ షాపులో. అవును, ఆ ట్రంపరే! 1902లో మాంచెస్టర్ టెస్టు మొదటి రోజు లంచ్‌కి ముందే సెంచరీ కొట్టిన ట్రంపర్. బ్రాడ్‌మన్ రాకముందు ఆస్ట్రేలియాకి దేవుడు. క్రికెట్‌లో ఆటగాళ్లకి కాస్తో కూస్తో డబ్బు ముట్టేది కాబట్టి, రగ్బీవాళ్లకి జరుగుతున్నది అన్యాయమని అతనికి అనిపించింది. అతనితోపాటు జేమ్స్ గిల్టినన్ అనే వ్యాపారి, హెన్రీ హోయిల్ అనే రాజకీయ నాయకుడు. 1907 ఆగస్టు 8న బేట్‌మన్స్ క్రిస్టల్ హోటల్‌లో సమావేశం పెట్టి ‘న్యూ సౌత్ వేల్స్ రగ్బీ ఫుట్‌బాల్ లీగ్’ ప్రకటించేశారు.

ప్రకటించారు సరే, జనం రావాలి కదా. కొత్త సినిమాకి హీరో ఉండాలి. హీరో ఒక్కడే, డాలీ మెసెంజర్.

గిల్టినన్, ట్రంపర్ డబుల్ బే వెళ్లారు. విషయం చెప్పారు. అప్పటికి డాలీకి 24 ఏళ్లు. దేశంలో అతన్ని మించిన స్టార్ లేడు. ఆ స్టార్ ఏమన్నాడో తెలుసా... ‘మా అమ్మని అడగాలి.’

సిడ్నీలో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. అమ్మ పేరు యానీ. కొడుకు చేరితే ఎదురయ్యే నష్టం చిన్నది కాదు. రగ్బీ యూనియన్ రూలు ప్రకారం ప్రొఫెషనల్ మ్యాచ్‌లో ఒక్కసారి కాలు పెట్టినా జీవితాంతం నిషేధం. ఆస్ట్రేలియా జెర్సీ పోతుంది. క్లబ్బు పోతుంది. కొత్త లీగ్ నాలుగు రోజులకే మూతపడితే? మళ్లీ వెనక్కి రానివ్వరు. ఆమె అన్నీ విని సరే అన్నారు. కొడుకు సంతకం పెట్టాడు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఒక ఖండంలో ఆట ఎటు వెళ్లాలో పడవల షెడ్డు పక్కనున్న ఇంట్లో, ఓ తల్లి మాట మీద తేలిపోయింది.

‘ఆల్ గోల్డ్స్’... వెటకారమే పేరైంది

ఇక్కడ కథలోకి ఇంకో కుర్రాడొస్తాడు. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో పోస్టాఫీసు గుమస్తా ఆల్బర్ట్ బాస్కర్‌విల్. రగ్బీ మీద ఏకంగా పుస్తకమే రాశాడు. 1905లో న్యూజిలాండ్ జట్టు బ్రిటన్ వెళ్లి 35 మ్యాచ్‌ల్లో 34 గెలిచొచ్చింది. బోర్డుకి వేల పౌండ్ల లాభం. ఆటగాళ్లకి? రోజుకి మూడు షిల్లింగుల బత్తెం. బాస్కర్‌విల్‌కి ఈ లెక్క మింగుడు పడలేదు. ‘మనమే సొంతంగా జట్టు కట్టుకుని ఇంగ్లండ్ వెళ్లి, నార్తరన్ యూనియన్‌తో ఆడి, వచ్చిన లాభం పంచుకుందాం’ అన్నాడు. ఒక్కో ఆటగాడూ 50 పౌండ్లు పెట్టుబడి పెట్టాలి. స్టార్టప్ అన్నమాట, ఫౌండర్లంతా ఆటగాళ్లే.

న్యూజిలాండ్ జట్టుని ‘ఆల్ బ్లాక్స్’ అంటారు కదా. ఈ జట్టుని సిడ్నీ పత్రికలు ‘ఆల్ గోల్డ్స్’ అని వెక్కిరించాయి. బంగారం కోసం ఆడేవాళ్లని ఎగతాళి. ఆ పేరే చరిత్రలో నిలిచిపోయింది.

ఇంగ్లండ్ వెళ్తూ ఆల్ గోల్డ్స్ సిడ్నీలో ఆగారు. గిల్టినన్ బృందం వాళ్లతో 3 మ్యాచ్‌లు పెట్టించింది. మొదటిది 1907 ఆగస్టు 17న. తమాషా ఏంటంటే కొత్త ఆట రూల్ పుస్తకం ఎవరి దగ్గరా లేదు! అందుకే పాత రగ్బీ రూల్స్‌తోనే ఆడేశారు. మూడూ న్యూజిలాండ్‌వాళ్లే గెలిచారు. అయితేనేం, డాలీ కోసం జనం వచ్చారు, డబ్బులొచ్చాయి. లీగ్ బతికి బట్టకట్టింది.

అతని ఆట చూసి బాస్కర్‌విల్ ‘మాతో వచ్చెయ్’ అన్నాడు. అలా ఆస్ట్రేలియా కుర్రాడు న్యూజిలాండ్ జట్టులో ఒకే ఒక్క పరాయివాడిగా ఓడెక్కాడు. దారిలో మన పక్కనే కొలంబోలో దిగి ఓ మ్యాచ్ కూడా ఆడారు.

ఇక ఇంట్లో రగ్బీ యూనియన్ తన పని తాను చేసుకుపోయింది. డాలీని జీవితకాలం బహిష్కరించింది. అతను చేసిన పాయింట్లన్నీ రికార్డుల్లోంచి తుడిచేసింది. ఆ 52 వేల మంది చూసిన ఆటగాడు అసలు మైదానంలోనే లేడన్నట్టు!

చెల్సీ మైదానంలో...

ఇంగ్లండ్‌లో దిగాక గానీ ఆల్ గోల్డ్స్ 13 మంది ఆటని కళ్లారా చూడలేదు. కొన్ని రోజుల ప్రాక్టీసుతోనే బరిలోకి దిగి మొదటి మ్యాచ్‌లో బ్రామ్లీ క్లబ్బుని ఓడించారు. చలికాలం, బురద, వారానికి రెండు మూడు మ్యాచ్‌లు. ఎండలో పెరిగిన డాలీ ఆ బురదలోనూ కర్రల మధ్యకి బంతిని తన్నుతూనే ఉన్నాడు.

1908 జనవరి 25న లీడ్స్‌లో మొదటి టెస్టు. నార్తరన్ యూనియన్ 14-6తో గెలిచింది. రెండోది ఫిబ్రవరి 8న లండన్‌లోని స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో. మీకు చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్ మైదానంగా తెలిసిందే అది. ఈసారి న్యూజిలాండ్ 18-6. మూడోది వారం తర్వాత చెల్టెన్‌హామ్‌లో, 8-5. సిరీస్ ఆల్ గోల్డ్స్‌దే! కనీవినీ ఎరగని ఆటలో, ఆ ఆట కనిపెట్టినవాళ్లనే వాళ్ల గడ్డ మీద ఓడించారు.

టూర్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు డాలీవే, 146. అతని కాలి బలం చూసి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు కూడా ‘మా దగ్గరికొస్తావా’ అని ఆఫర్లిచ్చాయి. రగ్బీవాడికి సాకర్ ఆఫర్లు! అతను వద్దని ఇంటికొచ్చేశాడు. ఎందుకు వచ్చేశాడో ఎవరైనా ఊహించుకోవచ్చు. డబుల్ బే అక్కడే ఉంది, అమ్మా అక్కడే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆల్ గోల్డ్స్ మళ్లీ ఆస్ట్రేలియాలో ఆగారు. 1908 మేలో సిడ్నీలో ఆస్ట్రేలియా మొట్టమొదటి రగ్బీ లీగ్ టెస్టు జరిగింది. ప్రత్యర్థి న్యూజిలాండ్. ఫిబ్రవరి దాకా ఎవరితో కలిసి ఆడాడో, మేలో వాళ్ల మీదే ఆస్ట్రేలియా తరఫున దిగాడు డాలీ. ఆ మ్యాచ్ 11-10తో న్యూజిలాండ్ గెలిచింది.

ఆ టూర్ సంతోషం అక్కడితో సరి. బాస్కర్‌విల్‌కి ఓడలోనే జలుబు చేసింది, అది న్యుమోనియాగా మారింది. మే 20న బ్రిస్బేన్‌లో చనిపోయాడు. వయసు 25. పోస్టాఫీసు ఉద్యోగం వదులుకుని, సొంతూరి మైదానాల్లోకి అడుగుపెట్టొద్దని నిషేధం కూడా వేయించుకుని, ఇంత పెద్ద టూర్ నడిపిన కుర్రాడు ఇల్లు చేరలేదు. నెల తిరక్కుండానే వెల్లింగ్టన్‌లో అతని తల్లికి సాయంగా ఓ మ్యాచ్ ఆడారు. న్యూజిలాండ్ గడ్డ మీద కొత్త రూల్స్‌తో జరిగిన తొలి మ్యాచ్ అదే.

కంగారూ చచ్చిపోయింది, జేబు చిరిగిపోయింది

1908 ఏప్రిల్ 20న సిడ్నీలో తొలి లీగ్ సీజన్ మొదలైంది. తొమ్మిది క్లబ్బులు. డాలీ పాత పేరున్న కొత్త క్లబ్బు ఈస్టర్న్ సబర్బ్స్‌కే ఆడాడు. (అదే ఇప్పటి సిడ్నీ రూస్టర్స్.) మొదటి టైటిల్ మాత్రం సౌత్ సిడ్నీ ఎగరేసుకుపోయింది.

సీజన్ ముగియకముందే గిల్టినన్ మరో సాహసం చేశాడు. సొంత పూచీ మీద ఆస్ట్రేలియా జట్టుని ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. ఇదే తొలి ‘కంగారూస్’ టూర్. అదృష్టం కోసం ఓ బతికున్న కంగారూని కూడా వెంట పట్టుకెళ్లారు. పాపం అది ఇంగ్లండ్ చలికి తట్టుకోలేక చచ్చిపోయింది. శకునం చూసుకునేవాళ్లుంటే అక్కడే వెనక్కి తిరిగేవాళ్లు.

టూర్ ఆర్థికంగా ఘోరం. లాంకషైర్‌లో మిల్లులు సరిగ్గా నడవట్లేదు, కార్మికుల చేతిలో డబ్బుల్లేవు. టికెట్ కొనేదెవరు? లండన్‌లో డిసెంబర్ 12న మొదటి టెస్టు 22-22తో డ్రా. డాలీయే ఆ మ్యాచ్‌లో కెప్టెన్. మిగతా రెండూ ఓడిపోయారు. చివరికి ఆటగాళ్లకి తిరుగు టికెట్ కొనడానికి కూడా డబ్బుల్లేక నార్తరన్ యూనియన్ సర్దాల్సొచ్చింది. కొందరు అక్కడి క్లబ్బుల్లో చేరి ఉండిపోయారు. అలా ఆగిపోయినవాళ్లలో ఆల్బర్ట్ రోసెన్‌ఫెల్డ్ అనే చిన్నపాటి మనిషి, 1913-14లో హడర్స్‌ఫీల్డ్‌కి ఒకే సీజన్‌లో 80 ట్రైలు చేశాడు. ఆ రికార్డు ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

గిల్టినన్ దివాలా తీశాడు. తిరిగొచ్చాక అతణ్ని, హోయిల్‌ని, ట్రంపర్‌ని లీగ్ పదవుల్లోంచి తప్పించారు. ఆట పుట్టించినవాళ్లు ముగ్గురూ రెండేళ్లలోపే బయట! ప్రొఫెషనల్ ఆట అంటే అందరికీ డబ్బేనని ఎవరైనా అంటే ఈ ముగ్గురి కథ చెప్పండి.

1909 సెప్టెంబర్‌లో మలుపు తిరిగింది. జేమ్స్ జాయింటన్ స్మిత్ అనే వ్యాపారి డబ్బు పెట్టి, రగ్బీ యూనియన్ టెస్టు ఆటగాళ్లని (వాళ్లని వాలబీస్ అంటారు) లీగ్‌వైపు లాగేశాడు. వాళ్లలో ఏడాది కిందటే లండన్ ఒలింపిక్స్‌లో రగ్బీ బంగారు పతకం కొట్టినవాళ్లూ ఉన్నారు. కంగారూస్, వాలబీస్ మ్యాచ్‌లంటే జనం విరగబడ్డారు. ఆ దెబ్బతో సిడ్నీలో యూనియన్ కుదేలైంది. ఇప్పటికీ ఆ నగరంలో ‘ఫుటీ’ అంటే ఎక్కువమందికి రగ్బీ లీగే.

270 పాయింట్ల ఏడాది

డాలీ జీవితంలో అసలు సిసలు ఏడాది 1911. క్లబ్బు, రాష్ట్రం, అన్నీ కలిపి ఆ ఒక్క సీజన్‌లో 270 పాయింట్లు! అప్పట్లో ఒక ట్రైకి మూడు పాయింట్లే, గోల్‌కి రెండు. పైగా ఇప్పటిలా ఆరు ట్యాకిల్స్ తర్వాత బంతి అవతలివాళ్లకి ఇచ్చేయాలన్న రూలు లేదు. ఒక జట్టు చేతికి బంతి చిక్కితే గంటలో సగం వాళ్ల దగ్గరే ఉండిపోవచ్చు. అలాంటి ఆటలో 270 అంటే ఎంతో ఊహించుకోండి.

ఆ ఏడాదే ఈస్టర్న్ సబర్బ్స్‌కి కెప్టెన్‌గా తొలి టైటిల్ తెచ్చాడు. ఆ ఏడాదే పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడాదే రెండో కంగారూ టూర్‌కి పిలుపొస్తే ‘నేను రాను’ అన్నాడు. కెరీర్ పీక్‌లో ఉండగా ఫారిన్ టూర్ వదులుకోవడం ఇప్పటి మేనేజర్లు వింటే గుండె పట్టుకుంటారు.

1912లో మళ్లీ టైటిల్. 1913లో మళ్లీ. వరసగా మూడు! మూడుసార్లు గెలిచిన క్లబ్బుకి ‘రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ షీల్డ్’ శాశ్వతంగా ఇచ్చేయాలన్నది ఒప్పందం. క్లబ్బు ఆ షీల్డుని తన అల్మరాలో పెట్టుకోలేదు. తీసుకెళ్లి కెప్టెన్ చేతిలో పెట్టింది. ఆ సీజన్‌తోనే డాలీ ఆట మానేశాడు. వయసు 30. అతని తమ్ముడు వాలీ అప్పటికే అదే క్లబ్బులో ఎదుగుతున్నాడు. మరుసటి ఏడాదే ఆస్ట్రేలియాకి టెస్టులు ఆడాడు.

మళ్లీ చేతిలో ఉలి

తర్వాత ఏమైంది? ఇక్కడే కథ కాస్త కష్టంగా ఉంటుంది. కామెంటరీ బాక్సు లేదు, కోచింగ్ కాంట్రాక్టు లేదు, యాడ్స్ అసలే లేవు. డాలీ హోటల్ వ్యాపారం చేశాడు, కలిసి రాలేదు. క్వీన్స్‌లాండ్ వెళ్లి బుడెరిమ్ అనే చోట అరటి తోట వేశాడు, అదీ అంతే. చివరికి చిన్నప్పుడు తండ్రి షెడ్డులో నేర్చుకున్న విద్యే ఆదుకుంది. వడ్రంగి పని.

ఒక తరం మొత్తానికి జీతం ఇప్పించిన ఆటగాడు తను మాత్రం ఉలీ సుత్తీ పట్టుకుని బతికాడు. ఇందులో ఎవరినీ తప్పు పట్టలేం. తొలితరం ప్రొఫెషనల్ అంటే అంతే. ఆడిన రోజుకి డబ్బొస్తుంది, ఆట మానేసిన రోజు ఆగిపోతుంది. పెన్షన్లూ, ప్లేయర్స్ అసోసియేషన్లూ అన్నీ తర్వాతివాళ్లకి దక్కినవే.

ట్రంపర్ అంతకుముందే వెళ్లిపోయాడు. 1915లో, 37 ఏళ్లకే. డాలీ మాత్రం నిండుగానే బతికాడు. 1959 నవంబర్ 24న న్యూ సౌత్ వేల్స్‌లోని గునెడా అనే ఊళ్లో కన్నుమూశాడు. అప్పటికి 76 ఏళ్లు. మనవడికీ డాలీ మెసెంజర్ అనే పేరు పెట్టుకున్నారు. ఆ మనవడే తాత జీవితకథ రాశాడు.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఏటా లీగ్ సీజన్ ముగిశాక ఓ పెద్ద ఫంక్షన్ జరుగుతుంది. రెడ్ కార్పెట్, సూట్లు, గౌన్లు, లైవ్ టెలికాస్ట్. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి మెడలో వేసే పతకం పేరు ‘డాలీ ఎం’ మెడల్. 1980 నుంచీ ఇస్తున్నారు. గెలిచినోడి కాంట్రాక్టు మరుసటి రోజుకి ఇంకాస్త పెరుగుతుంది. సిడ్నీ ఫుట్‌బాల్ స్టేడియం దగ్గర డాలీ కంచు విగ్రహం కూడా ఉంది.

మరి డబ్బు ముట్టుకుంటే మైల అన్న రగ్బీ యూనియన్? 1895లో మొదలుపెట్టిన ఆ పట్టుదలని సరిగ్గా వందేళ్లు మోసి, 1995లో తనూ ప్రొఫెషనల్ అయిపోయింది. ఇంకో పన్నెండేళ్లు పట్టింది వాళ్లకి పాత పుస్తకాలు తెరవడానికి. 2007లో, అంటే అతణ్ని వెలేసిన నూరేళ్లకి, డాలీ మెసెంజర్ యూనియన్‌లో చేసిన పాయింట్లన్నీ తిరిగి రికార్డుల్లోకి ఎక్కించారు. అప్పటికి అతను పోయి 48 ఏళ్లయింది.